ఆడిపించే కొలువు

నిన్న సాయంత్రం మా మనవరాలు కొత్త బంతుల డబ్బా మూత గుంజగానే ఫుస్సుమని గాలి పోయి, దాని వెంట ఒక వాసన వచ్చింది. కొత్త రబ్బరూ ఉన్నీ కలిసిన వాసన. కొత్త చెప్పుల పెట్టె తెరిచినప్పుడు వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది కానీ అది కాదు. శామీర్‌పేట పోయే రోడ్డు పక్కన, నీలం రంగు వేసిన సిమెంటు టెన్నిస్ కోర్టు బయట, ఇనుప జాలీకి ఆనించి వేసిన బల్ల మీద నేను ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. ఆ వాసన వెంటే, ముప్పై ఐదేళ్ళ కిందటి పచ్చి పెండ వాసన కూడా నా ముక్కుకు తగిలింది. పేడను మేము పెండ అంటాం. కొత్త బంతికీ పెండకూ ఏం చుట్టరికమని మీరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఆ రెండు వాసనలూ ఒకే చోటివి, మా నాయిన చేతులవి.

నాకింకా యాభై రాలేదు. నాకు తొందరగా పెళ్ళి చేశారు, నా బిడ్డకు నేనూ తొందరపడ్డాను, అందుకని అప్పుడే అవ్వనయ్యాను. ఏడో తరగతితో బడి మానినదాన్ని. నోరు గట్టి, చెయ్యి పొదుపు అని ఇంట్లో అంటారు, అనుకోనీ. పిల్లలు ఆడి అవతల పారేసిన బంతులను ఏరి కొంగున కట్టుకొని తెచ్చుకుంటాను. గాటు పెట్టి కుర్చీ కాళ్ళకు తొడిగితే బండలు గీసుకుపోవు, సగానికి కోస్తే బీరువా కింద చెమ్మ పట్టకుండా ఎత్తుగా ఉంటుంది. "అవ్వా, గవి సచ్చిపోయిన బంతులు" అంటుంది మనవరాలు. చచ్చిన బంతి అంటూ ఉండదు, దాన్ని ఆడే తీరు వేరుంటుంది, అంతే. ఈ మాట కూడా నాది కాదు, నాయినదే.

అల్వాల్ దాటి కౌకూర్ పోయే దారిలో, తొంభైల మొదట్లో, ఒక చిన్న క్లబ్బు ఉండేది. క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక పెంకుల గది, నాలుగు వెదురు కుర్చీలు, నీళ్ళ కుండ, ముందర ఒక్కటే కోర్టు. సాయంత్రం ఐదింటికి రిటైరైన సార్లు, బ్యాంకులో పనిచేసే సార్లు, మందుల దుకాణం ఆయన, ఓ పది మంది తెల్ల బూట్లు వేసుకొని వచ్చేవారు. కోర్టు వెనక రేకుల గదిలో మేముండేవాళ్ళం. నాయిన అక్కడ మార్కరు. కోర్టు బాగోగులు చూడడం, వల కట్టడం, బంతులేరడం, ఆడడానికి ఎవరికైనా జోడీ లేకపోతే అవతల నిలబడి వాళ్ళతో ఆడడం, ఇవన్నీ కలిపి మార్కరు పని. నాయిన పేరు రాజయ్య. చిన్నప్పుడు మిలిటరీ సాహెబుల కోర్టులో బంతులేరుతూ ఏరుతూ ఆట నేర్చినవాడు. చదువు లేదు. బంతి ఎక్కడ పడుతుందో కొట్టేవాడి భుజం చూసి ముందే చెప్పేవాడు.

ఆ కోర్టు పెండతో అలికిన కోర్టు. వానాకాలం నాలుగు నెలలు అది బురదయి గడ్డి మొలిచేది, నాయిన ఆ నాలుగు నెలలూ పిల్లి లెక్క ఇంట్లో తిరుగుతూ తెగిన వలలు కుట్టుకునేవాడు. పనికిరాని వలను అమ్మ బీరపాదుకు పందిరిగా వేసేది, తిన్నప్పుడల్లా ఆ కాయలకు టెన్నిస్ బీరకాయలని పేరు పెట్టుకొని నవ్వుకునేవాళ్ళం. బతుకమ్మ మొదలయ్యే నాటికి ఎండ తేరేది, కౌకూర్ చెలకల్లో గునుగు తెల్లగా, తంగేడు పచ్చగా విరగబూసేది. అప్పుడు మా పని మొదలు. ఎర్ర మొరం మట్టి పోసి, నీళ్ళు చల్లి, అమ్మా నాయినా చెరో పక్క పట్టి ఇనుప రోలరు లాగేవారు. ఆ మీద ఆవు పెండ నీళ్ళలో పిసికి, వాకిట్లో సాన్పి చల్లినట్టు చల్లి, ఈత చీపురుతో అలికేవాళ్ళం. ఆరితే నేల ముదురాకుపచ్చగా, పాదానికి చల్లగా, మెత్తటి గచ్చులా ఉండేది. అలికిన నేల మీద చెప్పులేసుకుంటే అమ్మ ఊరుకునేది కాదు. సార్ల బూట్లకు ఆమె ఏమీ అనలేకపోయేది, మా చెప్పులు మాత్రం గేటు బయటే. తర్వాత సుతిలి తాడు కట్టి, సున్నం నీళ్ళతో గీతలు. ఆ గీతలు అమ్మే గీసేది. ముగ్గులేసిన చెయ్యి, వంకర పోయేది కాదు. ఇంటికొచ్చేసరికి మోచేతుల దాకా పెండ, గోళ్ళ సందుల్లో సున్నం. సబ్బు అరగదీయొద్దని బూడిదతో తోమించేది. సద్దుల బతుకమ్మ నాడు ఆ చేతులతోనే మలీద ముద్దలు తినేవాళ్ళం, బెల్లం నెయ్యి వాసన వెనకాల సన్నగా పెండ వాసన ఉండనే ఉండేది.

సార్లకు ఆట రాదు, మోజు మాత్రం ఉంది. బంతి రాగానే బలమంతా పెట్టి గీత మీదికి కొట్టేవారు, అది వలకో జాలీకో తగిలేది. నాయిన వాళ్ళకు నచ్చజెప్పే తీరు నాకింకా చెవిలో ఉంది. కుడిచేతి దెబ్బను సీదా అనేవాడు, ఎడమ దిక్కు చెయ్యి మలిపి కొట్టేదాన్ని ఉల్టా అనేవాడు. "సారూ, వల అంచులకు ఎత్తుంటది, నడుమ కిందికుంటది. నడుమ మీదికెల్లి మూలకు మూల కొట్టుండ్రి. మడిల గట్టెంబడి నడిస్తే దగ్గర, మూలకడ్డం నడిస్తే దూరం. బంతికి గా దూరమే జాగ." మూలకు మూల ఎన్నిసార్లయినా కొడుతూ ఓపిక పట్టాలట, అవతలివాడి బంతి పొట్టిగా పడ్డనాడే నిలువు గీత మీదికి కొట్టాలట. "ముందు నిలువు కొట్టెటోడు తొందరవడ్డోడు." ఇబ్బందిలో ఉంటే బంతిని పైకి లేపాలి, అది కిందికొచ్చేదాకా మనకు ఊపిరి దొరుకుతుంది. కొట్టి చూసుకుంటూ నిలబడొద్దు, మళ్ళీ నడుమకు రావాలి. సార్లు రాని పూట పాత రాకెట్టు ఇచ్చి నాతోనూ కొట్టించేవాడు. రాత్రి అన్నాలయ్యాక ఇవన్నీ వాకిట్లో సున్నపు చుక్కలు పెట్టి నాకు చూపించేవాడు, చుక్క అంటే బంతి పడే చోటు, గీత అంటే బంతి పోయే దారి. పొద్దున లేచి అమ్మ ఆ చుక్కలు చూసి, "గిదేం ముగ్గు, పిట్ట దొక్కినట్టుంది" అని దాని మీదే తన ముగ్గు వేసేది.

సార్లందరిలో నాయినకు ఇష్టమైనవారు డేవిడ్ సారు. అల్వాల్‌లో హెడ్‌మాస్టరు చేసి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి, మంచం మీది నుంచి లేచి, ఎడమ కాలు కొంచెం ఈడ్చుకుంటూనే కోర్టుకు వచ్చేవారు. భార్య పోయింది. ఆదివారం చర్చికి, తక్కిన ఆరు రోజులూ సాయంత్రం మా కోర్టుకు, అంతే ఆయన తిరుగుడు. క్రిస్మస్‌కు నల్ల కేకు ముక్కలు కాగితంలో చుట్టి తెచ్చేవారు, నేను కిస్మిస్‌లు ఏరి చివరికి దాచుకునేదాన్ని. నాయిన ఆయనకు బంతిని సరిగ్గా సీదాకు, నడుము ఎత్తులో, రెండడుగుల దూరంలో వేసేవాడు, ఆ కాలు ఈడ్చే పని లేకుండా. పదో పన్నెండో దెబ్బలు నడిచాక ఒక బంతి పొట్టిగా వదిలేవాడు. సారు దాన్ని నిలువుగా కొట్టేవారు. నాయిన దానికోసం ఉరికి, ఒక్క జానెడులో తప్పేవాడు. "మస్తు కొట్టిండ్రు సారూ." రోజూ చివరికి ఆరు నాలుగు. సారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వెళ్ళేటప్పుడు ఆ కాలు వచ్చినప్పటికన్నా తేలికగా పడేది. క్లబ్బులో కొందరు సిమెంటు కోర్టు వేద్దాం, మార్కరెందుకు, ఆ గదెందుకు అని అప్పటికే గొణుగుతున్నారు. ప్రతిసారీ అడ్డం నిలిచింది డేవిడ్ సారొక్కరే. మా కొలువూ, మా నెత్తి మీది రేకులూ ఆయన మాట మీద నిలిచి ఉన్నాయని అమ్మకు తెలుసు, నాకూ తెలుసు. తెలిసే చేశాను.

నాకు పదకొండేళ్ళు. ఆ ఏడు దసరాకు సూరారం నుంచి మా మేనమామ వచ్చాడు, ఫ్యాక్టరీలో పని, మాటల పోగు. జమ్మి ఆకు పంచుకొని, మాంసం కూరతో అన్నాలు తిని, అందరూ వాకిట్లో చాప మీద కూర్చున్నారు. చుట్టుపక్కల వాళ్ళూ ఉన్నారు.

"నీ కొలువు మస్తుందే బావా" అన్నాడు మామ. "రోజు ఓడిపోతె జీతమిస్తరు. మా కంపెనీల ఒక్కనాడు పని ఖరాబైతె గేటు బయటికి తోల్తరు. నీకు ఖరాబు జేసుడే పని."

అందరూ నవ్వారు. నాయిన అందరికన్నా ఎక్కువ నవ్వాడు. "గంత సక్కగ ఓడిపోవాల్నంటె ఎంత నేర్వాలె, నీకేం ఎర్క బామ్మర్దీ. గెలుసుడు గాడిద గూడ గెలుస్తది."

"గట్లయితె గాడిద నయం" అన్నాడు మామ. మళ్ళీ నవ్వులు. పక్కింటి పిల్లలు ఆ రాత్రే నాకు పేరు పెట్టారు, ఓడేటోని బిడ్డ అని. కొత్తగా అలికిన కోర్టు తెల్లారి తెరుస్తారు, ఏటా మొదటి ఆట నాయిన, డేవిడ్ సారు ఆడేది, మామ కూడా చూస్తానన్నాడు.

పొద్దున నాయిన వల బిగిస్తుంటే నేను వెళ్ళి గుంజ పట్టుకొని నిలబడ్డాను. "నాయినా, ఇయ్యాలన్న గెలువు."

"నేను గెలుసుడేంది బిడ్డా. నా కొలువు ఆడుడు గాదు, ఆడిపిచ్చుడు."

"గట్లెందుకు? నీకు ఆడరాదని జెప్పు" అన్నాను.

వల తాడు ముడి వేస్తున్న చెయ్యి ఆగింది. నా వంక చూడలేదు. ముడి వేసి, వల నడుమ పట్టీని కిందికి గుంజి, ఎత్తు కొలిచి, ఇంట్లోకి పోయాడు. ఆడు, ఆడిపించు. రెండే అక్షరాల తేడా. ఆ రెండక్షరాల్లోనే మా బతుకు ఉందని నాకప్పుడు అర్థం కాలేదు.

సాయంత్రం సార్లందరూ వచ్చారు. చాయ్, బిస్కెట్లు. డేవిడ్ సారు ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు వేసుకొచ్చారు. మొదటి బంతి నాయిన ఉల్టా దిక్కు వేశాడు, వెనక గీత దాకా. సారు ఎలాగో తిప్పికొట్టారు. రెండోదీ అక్కడికే, ఇంకా మూలకు. మూడోది సీదా మూలకు. సారు కదలనే లేదు. నాయిన కొట్టి చూసుకుంటూ ఆగలేదు, ప్రతిసారీ వెంటనే నడుమకు వచ్చి నిలబడ్డాడు. రెండు ఉల్టాకు, ఒకటి సీదాకు. సారు ముందుకు వస్తే నెత్తి మీదుగా లేపాడు, వెనక్కు పోతే వల పక్కన మెత్తగా జార్చాడు. వాకిట్లో సున్నంతో నాకు నేర్పిన చుక్కలన్నీ ఒక్కొక్కటే ఆ పచ్చటి నేల మీద పడుతున్నాయి, ప్రతి చుక్కా ఆ ఎడమ కాలు చేరలేని చోటే. సారు ఈడ్చుకుంటూ ఉరికిన చోటల్లా కొత్త పెండ లేచి, ఎర్ర మొరం చార బయటపడింది. నేను చప్పట్లు కొట్టాను. నిజం చెప్పాలి కదా, గట్టిగా కొట్టాను. మామ ఈల వేశాడు. ఆరు సున్నా.

సారు వల దగ్గరికి వచ్చి చెయ్యి కలిపారు. రొప్పుతున్నారు, మొహాన నవ్వుంది. "ఇన్నేండ్ల సంది నాకు ఆట వచ్చిందనుకున్న రాజయ్యా" అన్నారు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తరగతిలో పిల్లవాడు తప్పు చేసిన లెక్క దిద్దుకున్నట్టు అన్నారు. తువ్వాలు మరిచిపోయి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఆ కాలు నేల మీద గీత గీస్తూ పోయింది.

"శభాష్ బావా" అని మామ నాయిన వీపు చరిచాడు. నాయిన పోయి వల విప్పసాగాడు. అమ్మ చీపురు, పెండ బకెట్టు తెచ్చి ఆ ఎర్ర చారలన్నీ మళ్ళీ అలికింది. "ముసలాయినె నీకేమన్యాలం జేసిండయ్యా" అని ఒక్కసారి అడిగింది, జవాబు కోసం ఆగలేదు. మిగిలిన మలీద ముద్దలు ఆ రాత్రి ఎవరూ ముట్టలేదు, నేను తప్ప. నేను గెలిచినవాడి బిడ్డను కదా, రెండు తిన్నాను.

తెల్లారి సారు రాలేదు. మర్నాడూ రాలేదు. నాయిన రోజూ ఐదింటికి మంచి బంతులు రెండు ఏరి జేబులో వేసుకొని గేటు దిక్కు చూసేవాడు. రెండో ఆదివారం తువ్వాలు ఉతికి మడిచి నా చేతికిచ్చి, నన్ను సైకిలు మీద ఎక్కించుకొని అల్వాల్ తీసుకుపోయాడు. సారు వరండాలో కుర్చీలో ఉన్నారు. ఆయన రాకెట్టు గోడకు మేకు మీద వేలాడుతోంది. మాకు చాయ్ ఇప్పించారు, నన్ను ఏం చదువుతున్నావని అడిగారు.

"మల్ల రాండ్రి సారూ" అన్నాడు నాయిన. "నేను ఎప్పటిలెక్కనే..." అని ఆగిపోయాడు. ఆ తర్వాతి మాట నోటి దాకా వచ్చింది, నాకు తెలుసు. ఆడిపిస్త. ఆ మాట అంటే సారు మీద మళ్ళీ దెబ్బ కొట్టినట్టే. అనకపోతే పిలవడానికి మరో మాట లేదు. చివరికి, "వస్తె ఆడుకుందం సారూ" అన్నాడు.

"కాలు నొస్తున్నది రాజయ్యా, చలికాలం పోనీ" అన్నారు సారు.

చలికాలం పోయింది. క్రిస్మస్‌కు కేకు మాత్రం ఎప్పటిలాగే వచ్చింది, చర్చికి పోయేవాళ్ళెవరో తెచ్చి ఇచ్చారు. నాయిన నోట పెట్టుకోలేదు. కిస్మిస్‌లు దాచుకోవాలని నాకూ అనిపించలేదు. సారు ఇల్లు కదలడం మానేశారని, తర్వాత మంచం పట్టారని విన్నాం. వానలు మొదలైన వారంలో పోయారు. నాయిన గోతి దగ్గర అందరి వెనక నిలబడి, అందరూ వేశాక తనూ ఒక పిడికెడు మట్టి వేసి వచ్చాడు. ఆ వానాకాలం వలలు కుట్టలేదు. అడ్డం నిలిచే మనిషి పోయాక ఇంకేముంది, బతుకమ్మ నాటికి కోర్టుకు సిమెంటు లారీ వచ్చింది. ముగ్గురం సామాను సర్దుకొని మేడ్చల్ చేరాం. నాయిన ద్రాక్షతోటలో పనికి కుదిరాడు, నా బడి అక్కడితో ఆగింది. మాఘం నుంచి ఎండాకాలం దాకా ఆ తీగెల పందిళ్ళ కింద ద్రాక్ష పులుపు వాసన, పురుగుమందు వాసన, కందిరీగల రొద. పందిరి తీగె బిగించేటప్పుడు నాయిన నడుమ కొంచెం కిందికి గుంజి ఎత్తు కొలిచేవాడు. అలవాటు. దాన్ని చూసి నేను అవతలికి పోయేదాన్ని.

ఇరవై ఏళ్ళు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నాయిన ఆఖరి రోజుల్లో, గంజి తాగిస్తూ నేనే ఎత్తాను. "నాయినా, నేను గట్ల అనకపోతె నువ్వు గెలువకపోదువు."

"నువ్వంటె ఆడిన్నా బిడ్డా? నాకే ఆడబుద్ధయింది. నా సెయ్యి ఎట్లుంటదో ఒక్కసారన్న సూసుకోవాల్ననిపిచ్చింది." అని గిన్నె దిక్కు చెయ్యి చూపాడు, ఇంకొంచెం పొయ్యమని.

అది నిజమో, లేక నా సీదాకు, నడుము ఎత్తులో, రెండడుగుల దూరంలో వేసిన బంతో నాకు ఈనాటికీ తెలియదు. భుజం చూసి బంతి ఎటు పోతుందో చెప్పడం నాయినకు వచ్చు, నాకు రాలేదు.

నిన్న మనవరాలు తన జోడీ పిల్ల చేతిలో ఓడిపోయింది. జాలీ దగ్గరికొచ్చి రాకెట్టు నా కాళ్ళ దగ్గర పడేసి, "ఇగ నేను ఆడ" అని ముక్కు ఎగబీల్చింది. సామాను విసిరితే నాకు ఒళ్ళు మంట, ఒకటి వేద్దామనుకున్నాను. వెయ్యలేదు. తక్కిన పిల్లలు వెళ్ళిపోయారు, కోర్టు ఖాళీగా ఉంది. రాకెట్టు తీసుకొని, కొంగు నడుముకు దోపి, చెప్పులు గేటు బయట విడిచి లోపలికి పోయాను. పాదానికి సిమెంటు సుర్రుమంది. అలికిన నేల చల్లదనం లేదు, సున్నపు గీత చేతికంటదు, జాలీ అవతల ఒకప్పుడు ద్రాక్షతోటలున్న చోట ప్లాట్ల రాళ్ళు పాతి ఉన్నాయి. కౌకూర్ కోర్టు కూడా లేదిప్పుడు, సిమెంటు పగిలాక దాని మీద అపార్ట్‌మెంటు లేచింది.

"నిలబడు" అన్నాను. బంతి వేశాను. సీదాకు, నడుము ఎత్తులో. అది కొట్టింది, నేను మళ్ళీ అక్కడికే వేశాను. ఎనిమిది, తొమ్మిది, పది దెబ్బలు, మూలకు మూల. దాని ఏడుపు ఎప్పుడాగిందో దానికే తెలియదు. అప్పుడొకటి పొట్టిగా వదిలాను. అది ముందుకొచ్చి నిలువు గీత మీదికి కొట్టింది. నేను ఉరికాను. అందుతుంది, నాకు తెలుసు. ఒక్క జానెడు ఇవతల చెయ్యి ఆపాను.

పిల్ల ఎగిరి గంతేసింది. "అవ్వా, నీకు ఆడరాదు."

"అవును బిడ్డా, రాదు" అన్నాను. అని బంతి ఏరుకోవడానికి వంగాను.